ఉన్నితోలును మెత్తగా నిలుపు విధము

మంజీరా తీరమున నున్న బీర్కూరు ప్రాంతమున గొఱ్ఱెల మందలు కంటబడని దినము లేదు. కోతలు ముగిసిన పిదప వరిమళ్లలో మందను నిలుపుట, ఆ యెరువునకు ప్రతిఫలముగా రైతు ధాన్యమో ధనమో యిచ్చుట, మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న యొడంబడిక. 2019వ సంవత్సరపు పశుగణనము ననుసరించి తెలంగాణమున సుమారు 1 కోటి 90 లక్షల గొఱ్ఱెలున్నవి. దేశమున నే రాష్ట్రమునందును నిన్ని లేవు. వీని మాంసము అమ్ముడుపోవుచున్నది, ఎరువు పొలమునకు చేరుచున్నది, నల్లగొఱ్ఱె ఉన్నితో కురుమలు గొంగళ్లు నేయుచున్నారు. తోలు మాత్రము పెక్కుచోట్ల కొనువారు లేక పెంటకుప్పల పాలగుచున్నది.

ఇట్లు పాఱవేయబడు తోలునే ఉన్నితో గూడ పదును చేసినచో చక్కని యాసనమగును. చలికాలమున ముసలివారి క్రింద పఱచుటకు, మంచము పట్టిన రోగి వీపు క్రింద నుంచుటకు దానికి సాటివచ్చునవి కొన్నియే. ఆస్ట్రేలియా దేశమున రోగులకు వీపుపుండ్లు పడకుండుటకై ప్రత్యేకముగా పదును చేసిన గొఱ్ఱెతోళ్లను ఆసుపత్రులలో వాడుచున్నారు. ఇంత యుపయోగముండియు మన యిండ్లలో నీ యాసనములు అరుదుగా నుండుటకు కారణమేమి? ప్రయత్నించినవారిలో పలువురు చెప్పునది యొక్కటే: "రెండు దినములు బాగుండెను, మూడవ దినమున చేటవలె బిగుసుకొనెను." ఆ బిగువు ఎందుకు వచ్చును, దానిని తప్పించుట ఎట్లు, తప్పించిన మెత్తదనమును ఏండ్ల తరబడి నిలుపుట ఎట్లు అను నీ మూడు సంగతులు ఈ వ్యాసమున విన్నవింపబడుచున్నవి.

తోలు ఏల బిగుసుకొనును?

తోలులో ముఖ్యద్రవ్యము కొల్లాజెన్ అను మాంసకృత్తు. అది సన్నని పోగులుగా, ఆ పోగులు కట్టలుగా, ఆ కట్టలు నాలుగు దిక్కుల అల్లికగా నుండును. జంతువు బ్రదికియుండగా ఈ పోగుల నడుమ నీరు నిండియుండును. కావుననే ఒంటిమీది చర్మము ఎటు లాగిన నటు సాగును. జంతువు చచ్చి తోలు ఎండినప్పుడు ఆ నీరు పోవును. నీరు పోయినచోట పోగులు ఒకదానికొకటి హత్తుకొని జిగురువలె నంటుకొనును. ఇది ఉపమానమునకు చెప్పిన మాట కాదు. వడ్రంగులు పూర్వము చెక్కల నతికించుటకు వాడిన బంక తోళ్ల ముక్కలను ఉడికించి తీసినదే. కనుక ప్రతి పచ్చితోలునందును దానిని బిగించు బంక దానియందే కలదు.

ఈ గుణమును మన పెద్దలు చక్కగా నెఱిగి, ఎక్కడ బిగువు కావలెనో అక్కడ దానిని పనికి తెచ్చుకొనిరి. డప్పునకు పచ్చితోలును తడిగానుండగనే చట్రముపై బిగించి యెండబెట్టుదురు. వాయించుటకు ముందు మంటయొద్ద కాచుటయు, మిగిలిన చెమ్మను పోగొట్టి యింకను బిగించుటకే. ధర్మవరము దగ్గఱ నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయువారు మేకతోలును శుభ్రపఱచి, పదును చేయక, సాగదీసి యెండనిత్తురు. అందువలననే అది దీపపు వెలుగు దూరునట్లు పలుచనై, నిలువుగా నిలుచును. దానికి ప్రతిగా బావినుండి నీరు తోడు మోటకు వాడిన తోలు, తడిసినను ఎండినను విఱుగక ముడుచుకొనవలెను. కావున దానిని పదును చేసి, నూనె పట్టించి, తొక్కి మర్దించి మెత్తపఱచిరి. డప్పును, బొమ్మను, మోటను ప్రక్కప్రక్కల నుంచి చూచినచో ఈ శాస్త్రమంతయు నందే కలదు. పోగులను అంటుకొననిచ్చినచో బిగువు, అంటుకొననీయకున్నచో మెత్తదనము.

పదును చేయుట యన నేమి?

పోగుల నడుమ వేఱొక ద్రవ్యమును జొనిపి, అవి కుళ్లకుండను ఒకదానికొకటి గట్టిగా నంటకుండను చేయుటయే పదును. ఇందుకు మన దేశమున పూర్వమునుండి వాడినది చెట్ల బెరడు. బతుకమ్మలో పేర్చు తంగేడుపూవు నెఱుగనివారు తెలంగాణమున లేరు. అది యిప్పుడు రాష్ట్రపుష్పము కూడ. ఆ చెట్టు బెరడే మన లందలలో తోళ్లను పండించినది. కరక్కాయను నమలినప్పుడు నాలుక ముడుచుకొనినట్లు తోచును గదా. ఆ వగరునకు కారణమైన టానిన్ అను ద్రవ్యమే తంగేడుబెరడునందును కలదు. నాలుకమీది మాంసకృత్తును పట్టుకొనునట్లే అది తోలులోని కొల్లాజెన్ పోగులను పట్టుకొని విడువదు. పూర్వము చెన్నరాజధానిలోని తోళ్ల వ్యాపారులు తంగేడుబెరడులో పండించిన తోళ్లను కరక్కాయ నీటిలో ముంచి, నూనె రాచి సీమకు ఎగుమతి చేసిరి. తంగేడు మాత్రమే వాడిన తోలు వెలుతురునకు ఎఱ్ఱబడును. కరక్కాయ దానిని కొంత అడ్డగించును.

రెండవది పటిక. ఇది తోలును తెల్లగా నుంచును, ఉన్ని రంగును చెడగొట్టదు, ఇంటిలో చేయుటకు సులభము. అందుచేత ఉన్నితోలు ఆసనములకు దీనిని వాడుట వాడుక. కాని దీనికొక లోపము కలదు: నీటిలో నానినచో పటిక కరగిపోవును, తోలు మఱల పచ్చితోలు గుణమునకు వచ్చును. మూడవది క్రోమియము లవణము. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్ట్జ్ దీనికి అనుమతిపత్రము పొందెను. ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో ఆల్ఫ్రెడ్ ఛాటర్‌టన్ ఈ పద్ధతిని మద్రాసునందు ప్రవేశపెట్టెను. క్రోము తోలు వేడినీటికిని ఓర్చును. అయిన దాని మురుగునీరు భూమికి చెఱుపు గనుక ఇంటిలో చేయదగినది కాదు.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన ముఖ్యవిషయమొకటి కలదు. పదును తోలును కుళ్లనీయదు. అది మాత్రమే తోలును మెత్తపఱుపజాలదు. ఎంత చక్కగా పండించిన తోలైనను, లందనుండి తీసి తీగమీద వేసి మఱచిపోయినచో అట్టవలె బిగుసుకొనును. మెత్తదనమునకు మూడు కావలెను: మాంసపు పొర లేకుండ శుభ్రపఱచుట, పోగుల నడుమకు నూనె పంపుట, ఆఱుచుండగా చేతులతో పని చేయుట. ఈ మూడింటిలో మూడవదియే ప్రధానము.

మొదటి పని: శుభ్రపఱచుట

తోలు తీసిన రెండు మూడు గంటలలో ఉప్పు పట్టింపవలెను. మన యెండలకు ఆలస్యమైనచో కుళ్లు ఆరంభమై ఉన్ని కుదుళ్లు వదలును. తరువాత నేమి చేసినను ఉన్ని నిలువదు. తోలును లోతట్టు పైకి వచ్చునట్లు పఱచి, దాని బరువులో మూడవవంతునుండి సగము వఱకు ఉప్పును చెఱుగులకును ముడుతలకును తగులునట్లు రుద్దవలెను. నీడలో నుంచవలెనే గాని యెండలో వేయరాదు.

పనికి దిగునప్పుడు చల్లని నీటిలో నానబెట్టి, నీరు మార్చుచు ఉప్పును రక్తమును పోగొట్టి, సబ్బుతో ఉన్నిని కడుగవలెను. నానుడు ఒక రాత్రికి మించరాదు. చెప్పులతోలునకు సున్నపు నీటిలో నానవేయుట కలదు గాని అది వెండ్రుకలు ఊడుటకు చేయు పని. ఆసనమునకు సున్నము తగులనే కూడదు. పిమ్మట గుండ్రని దుంగమీద తోలు వేసి, మొద్దు కత్తితో లోతట్టునున్న మాంసమును, కొవ్వును, పలుచని పొరను గీకివేయవలెను. ఈ పొర చిన్నదిగా కనబడును గాని అది యున్నచోట పటికయు చొరదు, నూనెయు చొరదు. ఆసనము పూర్తియైన తరువాత అచ్చటచ్చట అట్టముక్కవలె గట్టిగా తగులుచోట్లన్నియు ఈ పొర మిగిలిన చోట్లే.

రెండవ పని: పటిక పట్టించుట

ఒక గొఱ్ఱెతోలునకు చాలునట్టి పాళ్లు ఇవి. 500 గ్రాముల పటికను 4 లీటర్ల నీటిలో కరగింపవలెను. వేఱొక పాత్రలో 2 లీటర్ల నీటిలో 125 గ్రాముల చాకలిసోడాను, 250 గ్రాముల ఉప్పును కరగించి, దీనిని పటికనీటిలో కొంచెము కొంచెముగా కలుపుచు పోయవలెను. నురుగు పొంగును గనుక తొందరపడరాదు. మట్టిపాత్ర గాని ప్లాస్టిక్ తొట్టి గాని వాడవలెను. ఇనుము, ఇత్తడి, అల్యూమినియము పనికిరావు. ఈ నీటితో గోధుమపిండిని జారుడుగా కలిపి, తోలును మేకులతో పలకపై విప్పి, లోతట్టున పలుచగా పూసి గోనెతో కప్పవలెను. మఱునాడు దానిని గీకి రెండవ పూత, ఆ మఱునాడు మూడవ పూత వేయవలెను. చివరి పూతను మూడు నాలుగు దినములు ఉంచవలెను.

పండినదో లేదో తెలిసికొనుటకు మెడవైపు మందమైన చెఱుగును మడిచి గట్టిగా నొక్కి విప్పవలెను. మడత వెంబడి తెల్లని గీత నిలిచినచో పటిక లోపలికి పోయినట్లు. గీత లేక నీరు కాఱినట్లు మెఱయుచున్నచో ఇంకొక పూత కావలెను. పండిన పిదప 5 లీటర్ల నీటికి 35 గ్రాముల వెలిగారము కలిపి తోలును కడిగి, తరువాత మంచినీటిలో ఒకమాఱు జాడించి, పిండక, కఱ్ఱపలకతో నొక్కి నీరు తీయవలెను. వెలిగారము తోలులో మిగిలిన పులుపును తగ్గించును. ఆ పులుపు నిలిచిపోయినచో కొన్ని యేండ్లకు తోలు పెళుసగును.

మూడవ పని: నూనె పట్టించుట

తడి తోలుపై నూనె పోసినచో లోపలి నీరు దానిని చొరనీయదు. ఎండిన తోలుపై పోసినచో పైననే నిలిచి మరకలగును. అందుచేత నూనెను నీటిలో కలియునట్లు చేసి, ఆ పాలవంటి ద్రవమును తడితోలునకు పట్టింపవలెను. తోలు ఆఱుచుండగా నీరు ఆవిరియై పోవును, నూనె బిందువులు పోగుల నడుమ నిలిచిపోవును. నీరు ఖాళీచేసిన చోటును నూనె యాక్రమించుటచే పోగులు హత్తుకొనజాలవు.

నూనెను నీటిని కలుపుటకు కోడిగ్రుడ్డు పచ్చసొనను మించినది యింటిలో లేదు. దానియందు లెసిథిన్ అను ద్రవ్యము కలదు. దానికి నూనెతోడను నీటితోడను చెలిమి. 2 పచ్చసొనలను 100 గ్రాముల నూనెతో చిలికి, 250 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిని కొద్దికొద్దిగా పోయుచు చిలుకవలెను. ఆముదమును గంధకికామ్లముతో సంస్కరించి చేసిన టర్కీరెడ్ నూనె దొరికినచో అది పచ్చసొన లేకయే నీటిలో కలియును.

ఏ నూనె యైనను పనికివచ్చునని తలచుట పొరపాటు. అవిసెనూనె, కుసుమనూనె గాలి తగిలిన కొలది గట్టిపడి పొరకట్టును. రంగులు వేయువారికి ఆ గుణమే కావలెను గాని తోలునకు అది చేటు. కొబ్బరినూనె మన చలికాలపు రాత్రులలో గడ్డకట్టును. ఆముదము గట్టిపడదు గాని చాల చిక్కన. దానిని ఒంటిగా వాడిన తోలు జిగటగా నుండును. ఆముదము ఒక వంతు, పల్లినూనె రెండు వంతులు కలిపినచో చిక్కదనము తగ్గి పనికి అనువగును. ఎక్కువ పోసినచో మెత్తదనము పెరుగదు; నూనె ఉన్ని కుదుళ్లకు దిగి దుమ్మును పట్టును.

ఈ ద్రవమును లోతట్టున మాత్రమే అఱచేతితో పట్టించి, లోతట్టు లోతట్టు కలియునట్లు తోలును మడిచి, ఒక రాత్రి యుంచవలెను. ద్రవము వేడి చేయి సులభముగా నోర్చునంతకు మించరాదు. పటికతో పండిన తోలు వేడి నీటికి ముడుచుకొనును. ఒకమాఱు ముడుచుకొనినది మఱల విప్పుకొనదు.

ప్రధానమైన పని: ఆఱునప్పుడు మర్దించుట

మఱునాడు తోలును నీడలో గాలి తగులుచోట వ్రేలాడదీయవలెను. ఇప్పటినుండి తోలును విడిచి పోరాదు. పూర్తిగా తడిగా నున్నప్పుడు మర్దించినచో ప్రయోజనము లేదు. పోగుల నడుమ నీరున్నందున అవి ఎట్లును కదలుచునే యున్నవి. పూర్తిగా ఆఱిన పిదప మర్దించినచో ఆలస్యమైనది. పోగులు అప్పటికే అంటుకొనినవి, బలవంతము చేసిన చిరుగును. ఈ రెంటి నడుమనున్న కొన్ని గంటలే తోలు తలరాతను నిర్ణయించును.

ఆ సమయము వచ్చినదని తెలిసికొను గుఱుతు సులభము. తోలును రెండు చేతులతో పట్టి లాగవలెను. నీరుపట్టిన బూడిదవన్నె పోయి లాగినచోట తెల్లబడినచో సమయము వచ్చినట్లు. ఆ తెలుపు పోగులు విడివడి వాని నడుమ గాలి చేరినదనుటకు సాక్ష్యము. అంతట నిలువుగా నాటిన పలక అంచుమీదను, మొద్దుబారిన నాగటి కఱ్ఱుమీదను, గట్టిగా కట్టిన పగ్గముమీదను లోతట్టు ఒరయునట్లు తోలును ఇటునటు లాగవలెను. నిలువున, అడ్డముగ, మూలకు మూల, ఇట్లు అన్ని దిక్కుల లాగవలెను. పోగుల యల్లిక అన్ని దిక్కుల నుండును గదా. ఒక్క దిక్కున లాగిన తోలు ఆ దిక్కున మెత్తనై యడ్డమున బిగువుగా నుండును.

తోలంతయు ఒక్కసారి ఆఱదు. కడుపు, కాళ్లు, చెఱుగులు పలుచన గనుక ముందుగా ఆఱును. మెడ, వీపు తరువాత ఆఱును. కావున చెఱుగులతో ఆరంభించి నడుమకు పోవలెను. అవసరమైనచో చెఱుగులపై తడిగుడ్డ వేసి నిలుపవచ్చును. ఒక విడత మర్దించి, అరగంట విడిచి, మఱల మర్దింపవలెను. వైశాఖమున మన ప్రాంతమున నిది ఒక పూటలో ముగియును, కాని యెండ తొందరపెట్టును. శ్రావణ భాద్రపదములలో మూడు దినములైనను ఆఱక బూజుపట్టు భయము కలదు. కార్తిక మార్గశిరములే యీ పనికి తగిన మాసములు. గాలి పొడిగా, ఎండ సౌమ్యముగా నుండును.

ఎంత జాగ్రత్త పడినను ఎక్కడనో యొకచోట గట్టిపడును. అందుకు దిగులుపడ బనిలేదు. ఆ చోటును తడిగుడ్డతో చెమ్మచేసి, తెలుపు గుఱుతు కనబడువఱకు నిరీక్షించి, మఱల లాగవలెను. మంచి పనివారు ఒక తోలును రెండు మూడు మాఱు లిట్లు చేయుదురు. తుదకు లోతట్టును గరుకుకాగితముతో రుద్దినచో స్వేడు తోలువలె నునుపగును. ఉన్నిని ఇనుపపండ్ల దువ్వెనతో కొసలనుండి కుదుళ్లకు దువ్వినచో విప్పారును.

వాడుకలో కాపాడుట

ఈ యాసనమును నీటిలో ముంచి ఉతుకరాదు. పటిక పోవును, తోలు బిగియును. మురికియైనచో పొడి రంపపుపొట్టును ఉన్నిపై చల్లి రుద్ది దులుపవలెను. చెమ్మపట్టు షాబాదు బండలపై నేరుగా పఱచక, క్రింద నొక చాప వేయవలెను. మంజీరా కాలువల నీటితో ఏటికి రెండు పంటలు పండు మన యూళ్లలో గోడలయందును నేలయందును చెమ్మ యెక్కువ. వానకాలమున వారమునకొకమాఱు నీడలో గాలికి వ్రేలాడదీయుట మేలు. ఎండవేడికి గాని పొయ్యి దగ్గఱకు గాని తేరాదు. తోలుపురుగును చిమ్మటయు కదలక మడిచియుంచిన తోలునే యాశ్రయించును గనుక దులిపి దువ్వుచుండుటయే మంచి రక్ష. ఏటికి రెండుమాఱులు లోతట్టున పలుచగా పైచెప్పిన ద్రవమును రాచి, కొంచెము ఆఱినంతనే చేతులతో నలుపవలెను.

పాత యాసనము బిగుసుకొనినచో మొదట నొక పరీక్ష చేయవలెను. చెఱుగునుండి సన్నని పీలికను కోసి చెమ్మచేసి వంచవలెను. అప్పడమువలె విఱిగినచో పోగులే చెడినవి, ఇక బాగుపడదు. వంగినచో ఆశ కలదు. లీటరు నీటికి పిడికెడు ఉప్పు వేసి, ఆ నీట తడిపిన గుడ్డను లోతట్టున పఱచి, చుట్టచుట్టి రాత్రి యుంచి, మఱునాడు నూనెద్రవము పట్టించి, ఆఱునప్పుడు మర్దింపవలెను. మంచినీటికంటె ఉప్పునీరు మేలు. పటిక తొందరగా విడువదు.

మూడు హెచ్చరికలు

రోగముచే హఠాత్తుగా చచ్చిన జంతువు తోలును తాకరాదు. దొమ్మరోగము బీజములు తోలునందును ఉన్నియందును మట్టియందును ఏండ్ల తరబడి చావక యుండి మనుష్యులకు నంటును. అట్టి జంతువును కోయక లోతుగా పూడ్చి సున్నము చల్లి, పశువైద్యునకు తెలుపవలెను. రెండవది: జింకతోలు, పులితోలు ఆసనములుగా పూర్వము వాడుకలో నుండెను గాని 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని నిషేధించినది. గొఱ్ఱె, మేక తోళ్లతో పని జరుగుచుండగా వానికై యాశపడుట నేరమును పాపమును. మూడవది: ఉప్పునీటిని కాలువలో గాని చెఱువులో గాని పోయరాదు. ఉప్పు చేరిన మడిలో వరి కొఱమాలును. పాత్రలో ఎండనిచ్చి, మిగిలిన ఉప్పును ఎత్తి మఱల తోళ్లకే వాడవచ్చును.

ఈ విద్య యెవరిది?

పైన చెప్పిన శాస్త్రము పుస్తకములలో చేరుటకు ముందే దీనిని చేతులలో నుంచుకొనినవారు మన పల్లెల మాదిగలు. ఏ బెరడు ఎన్ని దినములు, ఏ నూనె ఎంత, తోలు ఎప్పుడు తెల్లబడును, ఎప్పుడు లాగవలెను అనునవి వారు కొలపాత్ర లేకయే యెఱుగుదురు. వారు కుట్టిన మోటతో పొలము తడిపి, వారు కుట్టిన చెప్పులతో ముండ్లబాటను నడిచి, వారు వాయించిన డప్పుతో పెండ్లియు పండుగయు జరుపుకొనిన యూరు, వారిని మాత్రము ఊరి వెలుపల నుంచెను. 1931లో నిజాంసాగరము పూర్తియై కాలువనీరు పాఱినచోట్ల మోటతో పని తగ్గెను. పిదప విద్యుత్తు మోటారులు మిగిలినదానిని తీసివేసినవి. కర్మాగారముల చెప్పులు వచ్చి కుట్టుడు చెప్పులను వెనుకకు నెట్టినవి. అవమానము తెచ్చిన పనిని ఆ యింటి బిడ్డలు విడిచి చదువులకు పోవుట న్యాయమే. కాని ఆ పనిలోని తెలివి అవమానముతోపాటు పాతిపెట్టదగినది కాదు.

అపొస్తలుల కార్యముల గ్రంథము తొమ్మిదవ యధ్యాయము చివర పేతురు యొప్పేలో సీమోను అను చర్మకారుని యింట బహుదినములు నివసించెనని వ్రాయబడియున్నది. నాటి యూదులలో ఆ వృత్తి హీనముగా నెంచబడెడిది. అట్టి యింటిలో పేతురు బసచేసెనని గ్రంథకర్త పేరుతో సహా వ్రాసిపెట్టుట మనము మఱువరాని విషయము. మన తెలుగునాటను ఇట్టి దృష్టాంతము కలదు. గుంటూరు మండలమున యలవఱ్ఱు గ్రామమున 1922లో వ్యవసాయకుటుంబమున జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు తోలుశాస్త్రమును అభ్యసించి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, 1948లో మద్రాసున స్థాపితమైన కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు 1958లో సంచాలకులైరి. హీనమని లోకమనుకొను పనిని ఆయన తన జీవితకార్యముగా నెంచుకొనెను. 1985 జూనులో కనిష్క విమాన ప్రమాదమున ఆయన మరణించునప్పటికి భారతీయ చర్మపరిశోధన ప్రపంచమున పేరుగాంచియుండెను.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసెను. చట్టము తన పని చేసినది. తోలు ముట్టినచేతిని చూచి ముఖము చిట్లించుకొనకుండుట మాత్రము మన వంతు. అది మాటలతో వచ్చునది కాదు. ఒకమాఱు మన చేతులతో ఒక తోలును పదును చేసినచో వచ్చును. అది ఒక కులమునకు వ్రాసిపెట్టిన పని కాదు, రసాయనశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు చేసి చూడదగిన పని. ఊరిలో తోలుపని తెలిసిన పెద్దలున్నచో వారిని గురువులుగా నెంచి యడుగుడు. వారి యొద్దనున్నది వారితో పోకుండ చూచుట మన తరమువారి బాధ్యత.

ఇంకొక కార్తికము వచ్చినప్పుడు, పెంటకుప్పకు పోవుచున్న తోలునొకదానిని తెచ్చి యీ పాళ్లతో ప్రయత్నింపుడు. ఉప్పునకును పటికకును అగు వెచ్చము స్వల్పము. ఓరిమి మాత్రము మెండుగా కావలెను. తడికిని పొడికిని నడుమనున్న ఆ కొన్ని గంటలు తోలును విడువక పట్టుకొనినవారి యింట, ముసలితాత క్రింద మెత్తని యాసనము చాలకాలము నిలుచును.